గీయనన్న గీత

“పోయినాయన మంచివాడే, కాదన్నదెవరు? కానీ బెల్టు పెట్టుకోకుండా పైకెక్కాడు. కాలు జారింది. పడ్డాడు. ఇందులో నువ్వు తవ్వడానికి ఏముంది మరదలా? వాళ్ళావిడకి నాలుగు మంచిమాటలు చెప్పి, ప్రమాదమేనని సంతకం పెట్టించావనుకో, కంపెనీ చూసుకోవాల్సింది చూసుకుంటుంది.”

విమానాల ఫ్యాక్టరీ సెక్యూరిటీ చీఫ్ ఈ మాటలన్నీ నడుస్తూనే అన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. వెనక వస్తున్నది ఇంటి ఆడపడుచులాంటి మనిషే కదా, వినకేం చేస్తుందన్న ధీమా. డిటెక్టివ్‌కి ఆయన సొంత అక్క మొగుడు. ఒకప్పుడు ఇద్దరూ పోలీసు శాఖలోనే చేశారు. ఆయన పెద్ద జీతానికి ఇటొచ్చాడు. ఆమె పై అధికారితో పోట్లాడి బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. అప్పట్నించీ ఏ విందు భోజనంలో కలిసినా ఉప్పూ నిప్పూగానే ఉంటారు. ఇవాళ ఆమెని ఆయనే పిలిచి గేటు తీయించాడు. మరదలు ఒక్కసారి చూసి తలూపితే కేసు చల్లారిపోతుందని ఆయన లెక్క.

ఆమె తల ఊపే స్థితిలో లేదు. పొద్దున్న మాస్టారి భార్య కబురు పెడితే వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నప్పుడు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు.

మాస్టారంటే పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. గీతల మాస్టారని పేరు. ఫిట్టరు బోల్టు బిగించాక ఆయన వచ్చి కొలత రెంచితో ఆ బిగువు సరిచూస్తాడు. సరిగ్గా ఉంటే బోల్టు తల మీంచి పక్కనున్న రేకు మీదికి పసుపు రంగుతో ఒక గీత గీస్తాడు. తర్వాత ఆ బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి కనిపించేస్తుంది. ఆ పసుపు రంగు ఇన్‌స్పెక్టర్ల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. మాస్టారి గీత పడిందంటే ఇక బ్రహ్మరాతే అని షెడ్డులో నవ్వుకునేవారట. గీతలన్నీ పడితేనే విమానం గుమ్మం దాటుతుంది.

ఆ మాస్టారు నిన్న సాయంత్రం షిఫ్టుకి వెళ్ళి తిరిగి రాలేదు. పొద్దున ఊడ్చేవాళ్ళు శవాన్ని చూశారు. ఎస్సై వచ్చి, టోపీ కూడా తీయకుండా, జారి పడ్డాడని రాసుకుని పోయాడు.

“ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కినా నన్ను పిలిచి పట్టుకోమనేవారమ్మా,” అంది మాస్టారి భార్య. ఆమె ఏడవడంలేదు. స్టవ్వు దగ్గర నిలబడి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా అటే చూస్తోంది. “అలాంటి మనిషి బెల్టు లేకుండా అంతెత్తు ఎక్కాడంటే నేను నమ్మాలా? నిన్న గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఒకటే మాటన్నారు. ‘ఇవాళ గీత గియ్యను. వాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా గియ్యను. ఉద్యోగం పోతే పోనీ’ అన్నారు. అని, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయారు.”

“ఫ్లాస్కులో ఏముంది పిన్నీ?”

“టీ. నిండా పోశాను. డాక్టరు వద్దన్నా చెంచాడు పంచదార ఎక్కువే వేయించుకునేవారు. చీమలు పట్టే టీ అని నేను దెప్పేదాన్ని.” ఆమె కొంగుతో ఖాళీ పొయ్యిని తుడిచింది. “మనిషి పోయాడు సరే. తప్పు కూడా ఆయనదేనంటే ఎలా ఊరుకోనమ్మా?”

ఊరుకోనక్కర్లేదని డిటెక్టివ్ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పి వచ్చింది.

షెడ్డు గుమ్మం దగ్గర సెక్యూరిటీ చీఫ్ ఫోను మోగింది. చూసి నవ్వాడు. “ఇదిగో, మీ అక్క.” స్పీకరు నొక్కాడు.

“ఏమండీ, మమ్మల్ని బస్సుల్లో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలయ్యాక ఎక్కిస్తారట. సీటు చీటీ ఇచ్చారు కానీ చివరి వరసండీ, తోక దగ్గర! సెక్యూరిటీ చీఫ్ పెళ్ళాన్నని చెప్పినా ఆ పిల్ల పట్టించుకోలేదు. మీ పలుకుబడి ఇంతేనా?”

“తోకైతేనేం, కిటికీ ఉంటుందిగా. ఎంజాయ్ చెయ్యి. ఇక్కడ మీ చెల్లెలుంది.”

“అది అక్కడేం చేస్తోంది? ఒసేయ్, నువ్వూ రావాల్సిందే! కొత్త విమానం, మొదటి బోణీ మేమే!”

“నువ్వెళ్ళిరా అక్కా, తర్వాత మాట్లాడతా,” అంది డిటెక్టివ్. కొత్త విమానం అమ్మేముందు ఉద్యోగుల కుటుంబాలని ఒక చుట్టు తిప్పడం ఆ కంపెనీ పద్ధతి. ఇవాళ పెద్ద పెద్ద అతిథులు కూడా వచ్చారు. అందుకే షెడ్డు దాదాపు ఖాళీగా ఉంది. ప్రొడక్షన్ మేనేజరు కూడా వేదిక మీదే ఉన్నాడు. మనిషి కనబడగానే ముంజేతి మీద గడియారం తట్టి చూపించే అలవాటుండటంతో ఆయనకి పేరే గడియారం అయిపోయింది.

షెడ్డులో రెండు విమానాలకి చోటుంది. ఎడంపక్క చోటు ఖాళీ. అక్కడున్నది పొద్దున్నే బయటికి పోయింది. దాని తోక చుట్టూ కట్టిన ఇనప మంచె మాత్రం మధ్యలో ఏమీ లేకుండా నిలబడి ఉంది. కుడిపక్క ఇంకో విమానం, దాని తోక దగ్గర కూడా అలాంటి మంచే. నడిచే దారికి అడ్డంగా ఒక చీమల బారు పోతుంటే డిటెక్టివ్ అలవాటుగా దాటి అడుగేసింది.

కుడి మంచె కింద తాడు కట్టారు. నేల మీద అరచెయ్యంత నెత్తురు మరక. పక్కనే స్టీలు ఫ్లాస్కు, మూత ఊడి ఉంది. ఒక ఫిట్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. పైకెక్కాలంటే తెలిసినవాళ్ళు తోడుండాలన్న నియమం కోసం అతన్ని పిలిపించారు.

“నిన్న సాయంత్రం నువ్వే ఉన్నావా ఇక్కడ?” డిటెక్టివ్ అడిగింది.

“ఉన్నాను మేడం. కానీ షిఫ్టు అయ్యేముందే వెళ్ళిపోయాను.”

“మాస్టారు అప్పుడెక్కడున్నారు?”

ఫిట్టరు సెక్యూరిటీ చీఫ్ వైపు చూశాడు. “ఈ మంచె మీదే మేడం.”

“అడిగింది నేను. ఆయన మొహం మీద జవాబు రాసుందా?”

“అబ్బ, వాణ్ణెందుకు కరుస్తావ్? చిన్నప్పట్నించీ ఇదే మిరపకాయ బుద్ధి,” అన్నాడు చీఫ్.

డిటెక్టివ్ రుమాలుతో ఫ్లాస్కు పైకెత్తింది. ఒక పక్క సొట్ట. ఊపితే లోపల గాజు ముక్కలు గలగలమన్నాయి. తలకిందులు చేసింది. రెండు గాజు పెంకులు రాలాయి, చుక్క టీ రాలేదు.

“బావా, ఒక్క మాట. పొద్దున చూసినప్పట్నించీ ఇక్కడ ఎవరైనా తుడిచారా?”

“ఎవరనుకుంటున్నావ్ నన్ను? పోలీసు బుర్ర ఇంకా చచ్చిపోలేదు. శవాన్ని తీసుకెళ్ళడం తప్ప పూచికపుల్ల కూడా కదపనివ్వలేదు. తుడిచుంటే ఆ నెత్తురు మరక ఉండేదా?”

“నిజమే. ఉండేది కాదు. ఒట్టేస్తావా?”

“మీ అక్క మీద ఒట్టు.”

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి చెంప ఆనించినంత పని చేసి, ఆ చుట్టుపక్కలంతా చూసింది. లేత బూడిదరంగు వేసిన నేల. నీళ్ళచుక్క పడినా మరక కనిపిస్తుంది. నెత్తురు తప్ప ఇంకేమీ లేదు, తను ఇప్పుడు రాల్చిన రెండు పెంకులు తప్ప ఒక్క గాజు ముక్క కూడా లేదు.

ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. “పైకెళ్దాం పద,” అంది ఫిట్టరుతో.

తోకలోకి వెళ్ళే చిన్న తలుపులోంచి దూరితే లోపల వంగి నిలబడే చోటే ఉంది. టార్చి వెలుగులో పసుపు గీతలు వరసగా కనిపించాయి. అన్నీ ఒకేలా సన్నగా, వంకర లేకుండా ఉన్నాయి. తోకరెక్కని ఒంటికి పట్టి ఉంచేది ఈ బోల్టులేనని ఫిట్టరు చెప్పాడు.

“రెంచి పెట్టి చూడు. ఇది. ఇప్పుడు అది. ఆ మూలది.”

రెంచి పెట్టిన ప్రతిసారీ టక్కుమని శబ్దం వచ్చింది. అంటే బిగువు సరిగ్గా ఉందన్నమాట. ఆమె ఒక్కదాన్నీ వదలనివ్వలేదు. అన్నీ గట్టిగానే ఉన్నాయి, గీతలన్నీ అతికినట్టున్నాయి.

“చూశావా!” కింద నుంచి చీఫ్ గొంతు వినిపించింది. “ఏ లోపమూ లేదు. పని పూర్తిచేసుకునే దిగుతూ పడ్డాడు పాపం.”

డిటెక్టివ్ ఆ ఇరుకులో అలాగే కూర్చుండిపోయింది. ‘ఇవాళ గీత గియ్యను’ అన్నాడు మాస్టారు. మాట మీద నిలబడే మనిషి. ఇక్కడ గీయాల్సినవన్నీ గీసే ఉన్నాయి, వంక పెట్టడానికి ఒక్క బోల్టు లేదు. మరి ఆయన గీయనన్న గీత ఎక్కడ? ఆ నిండు ఫ్లాస్కులో టీ ఎక్కడ?

తలుపులోంచి తల బయటపెట్టి కిందికి చూసింది. ఇంత ఎత్తు నుంచి ఇందాక దాటొచ్చిన చీమల బారు నల్లటి దారంలా కనిపించింది. అది నెత్తురు మరక వైపు రావడంలేదు. గోడ వార నుంచి బయల్దేరి, దారి దాటి, ఎడంపక్క ఖాళీ మంచె మెట్లెక్కుతోంది.

డిటెక్టివ్ మెట్లు రెండేసి చొప్పున దిగింది. చీఫ్ ఏదో అడుగుతున్నా ఆగకుండా ఖాళీ మంచె ఎక్కింది. ఇనప జల్లెడ నేల కంతల్లో బంకబంకగా ఎండిన మరక. అందులో చీమలు ముసురుకుని ఉన్నాయి. జల్లెడ కింద రేకు మీద గాజు పెంకులు మెరుస్తున్నాయి. వేలు రాసి వాసన చూసింది. టీయే, అదీ పాకంలా తియ్యటి టీ.

“నువ్వూ రావయ్యా ఇటు,” అని ఫిట్టరుని కేకేసింది. “చెయ్యి చూపించు. అది కాదు, కుడిచెయ్యి.”

అతను కదల్లేదు. ఆమే ఆ చెయ్యి లాగి వెలుగులో పెట్టింది. సబ్బుతో రుద్ది రుద్ది చర్మం ఎర్రగా అయింది గానీ, బొటనవేలి గోరు కింద పసుపు రంగు పోలేదు.

“ఇది ఇన్‌స్పెక్టర్ల రంగు. ఫిట్టరు గోట్లోకి ఎలా వచ్చింది?”

“అది… మేడం…”

“మాస్టారు ఇక్కడ పడ్డారు. ఇక్కడున్న విమానానికే ఆయన గీత గియ్యనన్నారు. గీతల్లేకుండా అది గుమ్మం దాటదు. అయినా దాటింది. ఎవరు గీశారు? నువ్వు నోరు విప్పకపోతే, తోసింది కూడా నువ్వేనని రాస్తారు. దాన్ని గుమ్మం దాటించిన ఆ గడియారం నిన్ను కాపాడతాడనుకుంటున్నావా? నీ పేరు కూడా ఆయనకి గుర్తుండదు!”

ఫిట్టరు వెనక్కి ఒక అడుగేసి మంచె కమ్మీ పట్టుకున్నాడు.

“నేను తొయ్యలేదు మేడం, నా పిల్లల మీద ఒట్టు. బోల్టులు పట్టే రంధ్రాలు పెద్దవైపోయాయి. డ్రిల్లు అరిగి ఊగుతోంది, మార్చమని ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు. పెద్ద రంధ్రంలో బోల్టు బిగిస్తే రెంచి టక్కుమంటుంది, గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. గాల్లో ఊగడం మొదలైతే అరుగుతుంది, వదులవుతుంది. మాస్టారు బోల్టు విప్పించి రంధ్రం కొలిచారు. గియ్యనన్నారు. మేనేజరు గారొచ్చి గడియారం చూపించి, రేపు అతిథులొస్తున్నారు గియ్యమన్నారు. ఈయన ససేమిరా అని, దిగిపోవడానికి బెల్టు కొక్కెం విప్పారు. మేనేజరు రంగు డబ్బా లాక్కోబోయారు, తోశారు… మాస్టారు వెనక్కి పడిపోయారు మేడం. కిందికి. నేను చూస్తూనే ఉన్నాను.”

“తర్వాత?”

“తర్వాత డబ్బా నా చేతికిచ్చి గియ్యమన్నారు.”

“గీశావు.”

“గీశాను మేడం.”

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. నేల మీద మనిషి ఇంకా చల్లబడకముందే పైన కూర్చుని ఆయన గీతలు గీశాడు వీడు! అంతకంటే పెద్ద కోపం ఇంకొకరి మీద ఉండబట్టి ఆగింది. మెట్ల మీద నిలబడిపోయిన బావ వైపు తిరిగింది.

“నెత్తురు ఇక్కడి నుంచి అక్కడికి నడుచుకుంటూ పోలేదు కదా బావా. శవాన్ని మోయించిందెవరు?”

చీఫ్ ఒక మెట్టు దిగాడు. “మేనేజరు ఫోన్ చేశాడు. జారి పడ్డాడని చెప్పాడు. ఆ విమానం దగ్గర చచ్చాడంటే పోలీసులు దానికి సీలు వేస్తారు, నెలల తరబడి కదలదు, ఇంతమంది ఉద్యోగాల మాటేమిటి అన్నాడు. పోయిన మనిషి ఎలాగూ పోయాడు, ఆ మంచెయితేనేం ఈ మంచెయితేనేం అనుకున్నా. ఇక్కడ కడిగించా. అక్కడ పెట్టించా. అంతే! బోల్టుల సంగతి నాకు తెలీదు.”

“అడిగావా?”

“ఏంటి?”

“ఇన్‌స్పెక్టరు ఎందుకు చచ్చాడని ఒక్క ముక్క అడిగావా? ఇరవయ్యేళ్ళు పోలీసు ఉద్యోగం చేశావు! నెత్తురు చుట్టూ తాడు కట్టి నాకు చూపించడానికి గేటు తీయించావు. అక్క మీద ఒట్టేశావు. ఆ అక్క ఎక్కడ కూర్చుందో తెలుసా నీకు?”

అప్పుడు తెలిసింది ఆయనకి. మొహంలో రక్తం లేదు. ఫోను తీసి నొక్కాడు. స్విచ్చాఫ్. మళ్ళీ నొక్కాడు. విమానంలో ఫోన్లు ఆపించేశారు. దూరంగా ఇంజన్ల హోరు మొదలై, షెడ్డు రేకులు సన్నగా అదిరాయి.

నడుముకున్న వాకీటాకీ చేతికి తీసుకున్నాడు. “కంట్రోల్, సెక్యూరిటీ చీఫ్‌ని. ఆ విమానాన్ని ఆపండి.”

గరగరమని జవాబొచ్చింది. “కారణం చెప్పండి సార్.”

ఆయన బటన్ మీంచి వేలు తీశాడు. కారణం చెబితే తను జైలుకే. పైగా ఆ వాకీటాకీ మాట ఫ్యాక్టరీ అంతా వింటుంది. డిటెక్టివ్ ఆయన్ని బతిమాలలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఇంత జరిగాక కూడా ఈ మనిషికి ఆలోచించుకోవడానికి ఒక క్షణం కావలసి వచ్చిందే అని ఆమెకి అసహ్యం వేసింది.

ఈలోగా ఇంకో గొంతు మధ్యలో దూరింది. “ఏమిటీ తమాషా?” గడియారం గొంతే. “ఇక్కడ అతిథులున్నారు. ఇప్పటికే ఆలస్యం. పోనివ్వండి దాన్ని.”

“పోనిస్తే నీ పీక నొక్కుతా!” చీఫ్ అరుపుకి ఫిట్టరు ఉలిక్కిపడ్డాడు. “కంట్రోల్, వినండి. క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఆ విమానం తోక దగ్గర చచ్చాడు. వీడు తోస్తే చచ్చాడు. శవాన్ని మార్చింది నేను. నేనే! తోక బోల్టులు మంచివి కావు, గీతలు దొంగవి. లోపల నా భార్య ఉంది. ఆపండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటా.”

వాకీటాకీ గరగరలాడింది. ఇంజన్ల హోరు పెరిగింది. ఇంకా పెరిగింది. ఫిట్టరు కళ్ళు మూసుకున్నాడు. డిటెక్టివ్ తనకి తెలియకుండానే బావ భుజం పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుందని తర్వాత గానీ గమనించలేదు.

హోరు తగ్గింది.

“రన్‌వే మలుపులో ఆగింది సార్. అందర్నీ దించుతున్నాం.”

సెక్యూరిటీ చీఫ్ మెట్ల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. డిటెక్టివ్ ఎస్సైకి ఫోన్ చేసి, ఈసారి టోపీ తీసి రమ్మని చెప్పింది. మేనేజరు గేటు దాటకుండా చూడమని బావ మనుషులకి బావ చేతే చెప్పించింది. తర్వాత ఆయన ముందు నిలబడింది.

“మాస్టారి భార్యకి ఈ మాటలన్నీ నువ్వే వెళ్ళి చెప్పాలి. ఆమె ముందు నిలబడి చెప్పాలి.”

ఆయన తలూపాడు. అక్క బతికింది, మాస్టారి పేరు నిలబడింది. డిటెక్టివ్ కమ్మీకి ఆనుకుంది. అప్పుడు చూసింది, ఫిట్టరు ఇంకా వెళ్ళలేదు. ఆ బొటనవేలు పిడికిట్లో దాచుకుని నిలబడి ఉన్నాడు.

“ఇంకేముంది?”

“మాస్టారు కోప్పడింది ఈ ఒక్క విమానానికే కాదు మేడం.” అతను నేలకేసి చూస్తూ చెప్పాడు. “ఆమధ్య వాళ్ళమ్మాయి పురిటికని ఆయన సెలవు పెట్టారు. తిరిగొచ్చాక పాత పనుల ఫోటోలు చూస్తుంటే, తను లేనప్పుడు పడిన గీతలు కనిపించాయి. నా గీతలు లావుగా వస్తాయి. ఆయనవి సన్నగా ఉంటాయి. నిన్న పైన మేనేజరుని మొట్టమొదట అడిగింది అదే. నా పేరుతో ఎవడు గీశాడని.”

“అప్పుడూ అదే డ్రిల్లా?”

“అదే.”

“ఆ విమానాలేవి? ఇక్కడే ఉన్నాయా?”

“అమ్మేశారు మేడం. రోజూ జనం ఎక్కుతున్నారు.”

“ఎన్ని?”

షెడ్డు రేకుల పైనుంచి ఏదో విమానం వెళ్తున్న చప్పుడు వినిపించింది. ఫిట్టరు తలెత్తి పైకి చూశాడు.